కామాలు తీసేసిన గీతాలు

రాజమహేంద్రవరం
9 జూన్ 2025

అన్నయ్యగారికి జయలక్ష్మి నమస్కరించి రాయునది.

ఫోను చేద్దామనే అనుకున్నాను. "మామయ్యగారు ఫోనులో రెండు మాటలకు మించి మాట్లాడరమ్మా. నువ్వేమో అది కోపమనుకుని నాలుగు రోజులు బెంగపడతావు. ఉత్తరం రాయి" అని కిరణ్మయి చెప్పింది. మా అమ్మాయి మీ ఇంటి కోడలై ఏడాదిన్నర అయింది. మీకు రాసే మొదటి ఉత్తరమే ఒక పని చెప్పడానికి రాయవలసి రావడం నాకు ఎలాగో ఉంది. పెళ్ళిలో మీకిచ్చిన కాఫీ చల్లారిపోయి ఉందని మావారు ఇప్పటికీ తలుచుకుని నొచ్చుకుంటారు. అది మనసులో పెట్టుకోకండి.

సంగతేమిటంటే, మా గురువుగారు పిల్లల కోసం ఇరవై రెండు గీతాలు కట్టారు. గీతమంటే సంగీతం మొదలుపెట్టినవాళ్ళకు నేర్పే చిన్న పాట. ఆయన ఎక్కడా అచ్చు వేయించలేదు. ఆయన దగ్గర ఇవి నేర్చుకున్నవాళ్ళలో ఇప్పటికీ పాఠం చెబుతున్నది నేనొక్కదాన్నే. మీ కొత్తగూడలో ఒక సంగీత పాఠశాల ఉందట. చిన్నప్పుడు నేర్చుకుని, ఉద్యోగాల్లో పడి మానేసినవాళ్ళ కోసం విజయదశమికి కొత్త తరగతి మొదలుపెడుతున్నారు. "పుస్తకం ఉంటే మీ గురువుగారి గీతాలే చెబుతాం, జిరాక్సు కాగితాలతో కుదరదు" అన్నారు. పుస్తకం వస్తే నేను మొహం చూడనివాళ్ళు కూడా ఆ పాటలు పాడతారు. రాకపోతే అవి నాతోనే సరి.

ఇక్కడ ప్రెస్సు రవికిరణ్ నేను పాటలు రాసుకున్న నోటుపుస్తకం చూసి దణ్ణం పెట్టాడు. "పైన స్వరం, దాని కింద సరిగ్గా మాట నిలబడాలంటే నావల్ల కాదమ్మగారూ. ఎవరిచేతనైనా పేజీలు కట్టించి తెండి, అచ్చు మాత్రం నేను వేస్తాను" అన్నాడు. మీరు విదేశాల లెక్కల పుస్తకాలకే పేజీలు కడతారని అమ్మాయి చెప్పింది. నోటుపుస్తకాలు రెండూ, గురువుగారి ఫోటో కొరియరులో పంపుతున్నాను. వీలైతేనే చేయండి. వీలు కాకపోతే వీలు కాదని కూడా రాయనక్కరలేదు, ఊరుకోండి చాలు, నేను అర్థం చేసుకుంటాను.

వదినగారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
జయలక్ష్మి


బోరబండ
23 జూన్ 2025

చెల్లెమ్మగారికి నమస్కారం.

నోటుపుస్తకాలు రెండూ చేరాయి. పని చెప్పినందుకు మొహమాటం వద్దు. కాఫీ సంగతి నాకు గుర్తు లేదు.

నేను చదివింది పదో తరగతి. జనగామలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చాను. తర్వాత కంప్యూటరు వచ్చింది, పక్కవాళ్ళను చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు చేసేది లేటెక్ అనే పద్ధతిలో. ఇందులో పేజీని కళ్ళతో చూస్తూ సర్దడం ఉండదు. అక్షరాల మధ్యలోనే ఆజ్ఞలు రాస్తాం. ఇది శీర్షిక, ఇది పట్టిక, ఇక్కడ బొమ్మ అని. యంత్రం ఆ ఆజ్ఞలు చదువుకుని పేజీ కడుతుంది. మాట వింటుంది కాని, దాని లెక్క దానికుంటుంది.

మీరు ఖాళీలు వదులుతూ స్వరం కింద మాట పెట్టారు. ఈ పద్ధతిలో ఎన్ని ఖాళీలు కొట్టినా ఒక్కటి కిందే లెక్క. మొదటిసారి నడిపితే మాటలన్నీ ఎడమ పక్కకు వచ్చి కుప్పపడ్డాయి. అందుకని మొత్తం గళ్ళ పట్టికలో పెట్టాను. ఇప్పుడు దేని కింద అది నిలబడింది.

ఇంకొక పని కూడా చేశాను. అక్షరాల మధ్య చాలా కామాలు, అక్కడక్కడా సెమికోలన్లు ఉన్నాయి. అక్షరాలు కలిసిపోకుండా పెట్టుకున్నారని అర్థమైంది. ఎడం యంత్రమే ఇస్తుంది కనుక వాటితో అవసరం లేదు. ఒక్క ఆజ్ఞతో అన్నీ తీసేశాను. పేజీ కడిగినట్టు వచ్చింది.

గురువుగారి ఫోటో మొదటి పేజీలో పెట్టమని యంత్రానికి ఆజ్ఞ రాశాను. ఫోటో పెద్దది. చోటు చాలలేదని యంత్రం దాన్ని తర్వాతి పేజీకి నెట్టింది. అక్కడా చాలలేదు. అట్లా నెట్టుకుంటూ పోయి చివరి పేజీలో కూర్చోబెట్టింది. ఈ పద్ధతికి ఉన్న జబ్బు ఇది. మందు ఉంది. వేయమంటే వేస్తాను.

ప్రూఫు పంపుతున్నాను. తప్పులుంటే రాయండి.

అంజమ్మ మీకు దండం చెప్పమంది.

నర్సయ్య


రాజమహేంద్రవరం
30 జూన్ 2025

పూజ్యులు అన్నయ్యగారికి,

ప్రూఫు చేరింది. ఎంత బాగుందో రాయడానికి నాకు మాటలు లేవు. మావారైతే పేజీ పేజీకీ "అబ్బ, అబ్బ" అంటూనే ఉన్నారు. కామాలు తీసేశానని మీరు రాసింది చదివి అలాగే కుర్చీలో కూర్చుండిపోయాను. ఎంత శ్రమపడ్డారో కదా అని.

ఆ కామాలు నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. గురువుగారు కూడా పెట్టేవారు. అవి లేకపోతే ఇంట్లో ఏదో సామాను తీసేసినట్టు ఉంటుంది. అదంతా నా చాదస్తం లెండి.

నా దగ్గర నేర్చుకునే పిల్లలు యశస్విని, పింకీ ఇద్దరిచేతా ప్రూఫు చూసి పాడించాను. మొదటి గీతం చటుక్కున అయిపోయింది. బస్సు అందుకోవాలన్నట్టు పాడారు. "టీచరుగారూ, అయిపోయిందా?" అని పింకీ నన్నే అడిగింది. తప్పు పిల్లలదే. ఈ కాలం పిల్లలకు అన్నిటికీ తొందరే. నాక్కూడా కళ్ళు సరిగా ఆనడం లేదు, నేనే ఎక్కడో సరిగా చూడలేదేమో.

గురువుగారి ఫోటో గురించి ఏమీ అనుకోకండి. ఆయన సభల్లో ఎప్పుడూ వెనక వరుసలోనే కూర్చునేవారు. చివరి పేజీలో ఉండడం ఆయన స్వభావానికి తగినట్టే ఉంది.

మావారు నా భుజం మీదనుంచి ఇది చదువుతూ "ఉన్నదున్నట్టు రాయవే" అంటున్నారు. ఉన్నదున్నట్టే రాశాను.

వదినగారికి కీళ్ళ నొప్పులు తగ్గాయా? వాములో ఉప్పు వేసి మూటకట్టి కాపడం పెట్టమనండి.

మీ చెల్లెలు వంటి
జయలక్ష్మి


బోరబండ
9 జూలై 2025

చెల్లెమ్మగారికి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు చెప్పినవన్నీ సరిచేశాను.

కళ్ళు ఆనడం లేదన్నారు. అక్షరం పెద్దది చేశాను. పెద్దది చేసేసరికి వరుసలు కాగితం అంచు దాటిపోయాయి. యంత్రం వరుస వరుసకూ ఫిర్యాదు చేసింది. వరుసలు విరిచి సర్దాను. ఇప్పుడు అద్దాలు లేకుండా చదవవచ్చు. అంజమ్మ వాకిట్లో నిలబడి చదివింది.

పిల్లలు తొందరపడుతున్నారన్నారు. ఒక్కో పేజీలో రెండేసి పాటలు ఉండడమే కారణం. కింద ఇంకో పాట కనిపిస్తుంటే పైపాట తొందరగా ముగించాలనిపిస్తుంది. ఒక పాటకు ఒక పేజీ ఇచ్చాను. పుస్తకం లావైంది.

ఫోటో చివరనే ఉంచాను. కామాల సంగతి చాదస్తమని మీరే రాశారు కనుక వాటి జోలికి పోలేదు.

రోజూ బోరబండ స్టేషనులో రైలెక్కి హైటెక్ సిటీలో దిగుతాను. ఇప్పుడు ఆ దారిలో మీ పాటల మాటలు చదువుకుంటున్నాను. రాగం నాకు తెలియదు. మాటలు బాగున్నాయి.

అంజమ్మ వాము మూట పెట్టుకుంది. "చెల్లె మంచిగ చెప్పింది, జర నయమైంది" అని రాయమంది.

రెండో ప్రూఫు ఇందులో ఉంది.

నర్సయ్య


రాజమహేంద్రవరం
17 జూలై 2025

అన్నయ్యగారికి నమస్కారాలు.

అక్షరాలు చూసి మావారు "దినపత్రికలో పెద్ద వార్తలా ఉందే" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. పూతరేకులు పంపుతున్నాను. బెల్లంవి, నేతితో చేయించాను. ఆత్రేయపురం నుంచి మావారే స్వయంగా వెళ్ళి తెచ్చారు. మీకు తీపి పడుతుందో పడదో కిరణ్మయిని అడిగితే "మామయ్య ఏది పెట్టినా తింటారమ్మా, నచ్చిందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు" అంది.

పిల్లలచేత మళ్ళీ పాడించాను. పేజీలు తిప్పడం బాగా అలవాటైంది. తాళమే కుదరడం లేదు. పాట ముందు పరుగెత్తుతోంది, చెయ్యి వెనక వస్తోంది. యశస్విని మంచి పిల్ల, ఎన్నడూ తప్పదు. అదీ తప్పుతోంది. నిన్న ప్రూఫు బల్ల మీద పడేసి "టీచరుగారూ, నాకు సంగీతం రాదేమోనండీ" అని ఏడ్చింది. ఇక నేర్పేదాన్ని నాలోనే ఏదో లోపం ఉండి ఉంటుంది. పుస్తకం మాత్రం అద్భుతంగా ఉంది. అందులో సందేహం లేదు.

మా అమ్మాయి మీతో ఏమైనా చెప్పిందా? పుస్తకం గురించి? ఏమీ లేదు, ఊరికే అడిగాను. చెప్పి ఉంటే దాని మాట పట్టించుకోకండి. చెప్పకపోతే అడగండి.

జయలక్ష్మి


బోరబండ
26 జూలై 2025

చెల్లెమ్మగారికి నమస్కారం.

పూతరేకులు అందాయి. నచ్చాయి. ఇది కోడలికి కూడా చెప్పాను.

మా అబ్బాయి అనిల్, కోడలు ఆదివారం నానక్‌రామ్‌గూడ నుంచి వచ్చారు. పుస్తకం గురించి ఏమైనా చెప్పేదుందా అని కోడలిని అడిగాను. "ఏం లేదు మామయ్యా, అమ్మకు చాలా నచ్చింది" అంది. చేతిలో గ్లాసు కిందపెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తాళం కుదరడం లేదని రాశారు. ఆ పిల్ల ఏడవడం బాగాలేదు. మీ నోటుపుస్తకంలో తాళం గీతలు లేవు. బజారులో దొరికే సంగీతం పుస్తకాల్లో ఉన్నాయి, తెచ్చి చూశాను. మీ పాటలన్నిటి లాగే ఆదితాళమైతే ఎనిమిది దెబ్బలకు ఒక నిలువు గీత. మన పుస్తకంలోనూ అట్లా గీతలు పెడితే పిల్లలకు ఆసరాగా ఉంటుంది. ఆ పని మొదలుపెట్టాను. కాగానే రాస్తాను.

నర్సయ్య


రాజమహేంద్రవరం
18 ఆగస్టు 2025

అన్నయ్యగారి పాదాలకు నమస్కరించి,

మీ దగ్గరనుంచి మూడు వారాలుగా ఉత్తరం లేదు. నా వల్ల ఏదో పొరపాటు జరిగింది. ఏమిటో తెలియక కొట్టుకుపోతున్నాను. దినపత్రిక మాట రాయకుండా ఉండవలసింది. మావారు నోటికి వచ్చింది అంటారు, నేను చేతికి వచ్చింది రాస్తాను. గురువుగారు తాళం గీతలు గీసేవారు కారు. "తాళం కాగితం మీద కాదు, చేతిలో ఉండాలి" అనేవారు. గీతలు లేవని మీరు రాసినప్పుడు నేను ఆ మాట చెప్పలేదు, ఊరుకున్నాను. నా మౌనం మీకు పెడసరంగా అనిపించిందేమో.

అమ్మాయిని అడిగితే "మామయ్య మామూలుగానే ఉన్నారు" అంటుంది. మీరు మామూలుగా ఉన్నప్పుడు ఎలా ఉంటారో మాకేం తెలుస్తుంది చెప్పండి?

నేనొకటి నిశ్చయించుకున్నాను. మీరంత కష్టపడి చేసిన పనికి నేను సణుగుడు రాస్తూ కూర్చోవడం మర్యాద కాదు. మగపెళ్ళివారు, పెద్దవారు. మీరు పంపిన రెండో ప్రూఫునే శనివారం రవికిరణ్ చేతిలో పెట్టి మూడు వందల కాపీలు వేయమన్నాను. విజయదశమి లోపల కొత్తగూడ చేరుతాయి. పిల్లలకు కాస్త నిదానంగా పాడమని నేనే చెప్పుకుంటాను. కొత్తగూడలో వాళ్ళకు ఎవరు చెబుతారో, ఏం చెబుతారో, అది మాత్రం దేవుడికే తెలియాలి.

ఒక్క ముక్క రాయండి. కోపమైతే కోపమనే రాయండి.

జయలక్ష్మి


బోరబండ
21 ఆగస్టు 2025

చెల్లెమ్మగారికి,

కోపం లేదు. పుస్తకం తప్పు. అచ్చు ఆపాలి.

మీ ఉత్తరం ఈ ఉదయం వచ్చింది. వెంటనే రవికిరణ్‌గారికి ఫోను చేశాను. అమ్మగారు చెబితేనే ఆపుతానన్నారు. మీకు చేశాను. మీరు పాఠంలో ఉన్నారట, బావగారు ఎత్తారు. ఆపమని చెప్పాను. అంతకంటే విడమరిచి చెప్పడం నాకు ఫోనులో రాదు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఎనిమిది అక్షరాలు కాగానే గీత గీయమని యంత్రానికి ఆజ్ఞ రాశాను. గీతలు మాటల మధ్యలో పడ్డాయి. పాట అయ్యేసరికి ఎక్కడా సరిపోలేదు. శంకరాభరణం గీతంలో ఒక వరుసకు ఐదే అక్షరాలు వచ్చాయి, ప మ గ రి స అని. ముందు యంత్రం తప్పనుకున్నాను. తర్వాత మీరే ఎక్కడో వదిలేశారనుకున్నాను. ఆ అనుకోవడానికి మన్నించండి.

ఒకనాడు ఆ కాగితం పట్టుకుని కూర్చుంటే అంజమ్మ వచ్చింది. "ఏందయ్యా, గోడకు మొకం పెట్టి గిట్ల కూసున్నవ్?" అంది. చెప్పాను. "నువ్వు సదువు, నేను సప్పట్లు కొడ్త" అంది. నేను ఐదు అక్షరాలు చదివి ఆపాను. ఆమె ఎనిమిది కొట్టింది.

"మిగిలిన మూడు సప్పట్లు ఎవలియి?" అని అడిగింది.

"అక్షరాలు ఐదే ఉన్నయి" అన్నాను.

"నోరు ఆగితె చెయ్యి ఆగుతదా? బతుకమ్మ ఆడంగ మేం మాటను గుంజుతం. మాట ఒక్కతాన నిలవడ్తది, సప్పట్లు పోతనే ఉంటయి. నీ పాటల గా గుంజుడు ఏడున్నది?"

మీ నోటుపుస్తకం తీసి చూశాను. ఆ వరుసలో మీరు రాసింది ఇది: ప , మ గ రి , స ,

అక్షరాలు ఐదు, కామాలు మూడు. కామా అంటే గొంతు ఆ స్వరం మీదే నిలిచి ఉండగా చెయ్యి ఇంకో దెబ్బ వేయడం. సెమికోలన్ అయితే రెండు దెబ్బలు. నేను వాటిని చెత్త అనుకుని ఊడ్చేశాను. పాటలో నిలవవలసిన చోట్లన్నీ నేనే తీసేశాను. యశస్వినికి సంగీతం వచ్చని చెప్పండి.

పాత ఫైలు దాచుకోలేదు. కామాలు ఒక్కొక్కటే మీ నోటుపుస్తకం చూసి తిరిగి పెట్టాను. మూడు వారాలు ఆ పనే. రాసి ఉండవలసింది. పని సగంలో ఉన్నప్పుడు ఏం రాయాలో నాకు తోచదు.

ఇప్పుడు కామాకు కూడా ఒక అక్షరమంత గది కట్టే ఆజ్ఞ రాశాను. ఎనిమిది గదులు నిండితే యంత్రం ముందుకు పోతుంది. నిండకపోతే ఆ వరుస దగ్గరే మొరాయిస్తుంది. గీతలు తీసేశాను. మీ గురువుగారి మాట సరైనదే.

ఒక మాట. మా ఆఫీసులో ప్రూఫు ఎర్రసిరాతో నిండి వస్తే మాకు ధైర్యం. తెల్లగా వస్తే చూడలేదని అర్థం. జర్మనీ నుంచి ఒక ప్రొఫెసరు "ఈ పేజీ కట్టినవాడికి కళ్ళున్నాయా" అని రాశాడు. మా దగ్గర అన్నిటికంటే బాగా వచ్చింది ఆయన పుస్తకమే. మీరు నాకు మూడు ఉత్తరాల్లో ఒక్క తప్పూ రాయలేదు. నేను మీకు వియ్యంకుడిని కావచ్చు. ప్రూఫు దగ్గర కాదు.

మూడో ప్రూఫు ఇందులో ఉంది. ఎర్ర పెన్ను కూడా పెట్టాను.

నర్సయ్య


రాజమహేంద్రవరం
25 ఆగస్టు 2025

అన్నయ్యా,

అచ్చు ఆగింది. మొదటి ఎనిమిది పేజీలు అప్పటికే వేసేశాడు. ఆ కాగితాల వెనక వైపున ఇప్పుడు మా వీధి పిల్లలందరూ బొమ్మలు వేసుకుంటున్నారు.

అసలు ఏం జరిగిందో విను. ఆ రోజు పాఠం ముగించి వస్తే మావారు "బావగారు ఫోను చేశారు, ఆపమన్నారు" అన్నారు. "ఏం ఆపమన్నారండీ?" అంటే "ఆపమన్నారంతే, పెట్టేశారు" అన్నారు. ఇక మీరు మాతో రాకపోకలే ఆపమన్నారనుకున్నాను! అమ్మాయికి ఫోను చేసి ఏడ్చాను. అది నవ్వింది. అన్నం తినలేదు. రెండు రోజులకు మీ ఉత్తరం వచ్చింది. మూడు వారాలు ఒక్క ముక్క రాయకుండా కూర్చోవడం ఏం పద్ధతి? పని సగంలో ఉంటే "పని సగంలో ఉంది" అని రాయాలి. కార్డు ముక్క చాలు.

వదినకు నా తరఫున ఒక మంచి చీర బాకీ. నేను నలభై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, కామా అంటే ఏమిటో "గుంజుడు" అన్నంత తేలికగా ఎవరికీ చెప్పలేకపోయాను. నిన్నటినుంచి నా క్లాసులో అదే మాట. "ఏదే ఇక్కడ గుంజుడు?" అంటే పింకీ కూడా నిలుస్తోంది.

సరే, ఎర్ర పెన్ను తీశాను.

మూరెడేసి అక్షరాలెందుకు? నాకు అద్దాలున్నాయి. మొదటి ప్రూఫులో ఉన్నంత చాలు. పాటకో పేజీ కూడా వద్దు, రెండు పాటలు ఒకే పేజీలో ఉంటే పిల్లలేం చచ్చిపోరు. గురువుగారిని వెంటనే ముందు పేజీలోకి తీసుకురండి. ఆయన వెనక వరుసలో కూర్చున్నది జన్మలో ఒక్కసారి, అదీ కుర్చీలు తక్కువై. ఆ మాట ఎందుకు రాశానో నాకే తెలియదు. చివరి పేజీలో ఆయన్ని చూసినప్పుడల్లా చెంపలు వేసుకుంటున్నాను.

కింది స్థాయి స్వరాలకు అక్షరం కింద చుక్క ఉండాలి. నాలుగుచోట్ల ఎగిరిపోయింది, సున్నా చుట్టాను. చుక్క లేకపోతే నెమ్మదిగా కిందికి దిగవలసిన పిల్ల కేక పెడుతుంది. పదకొండో గీతంలో "వనమాలి"ని నిలువునా విరిచారు. "వన" ఈ వరుసలో, "మాలి" ఆ వరుసలో. అదేం విరవడం? కాంభోజి రాగం గీతం ఎక్కడికి పోయింది? పదహారు తర్వాత పద్దెనిమిది ఉంది. మధ్యలో పాటే లేదు. ఇది మొదటి ప్రూఫులోనే చూశాను. అప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను. కాంభోజి లేకుండా పుస్తకం వస్తే నేను ఊరుకోను.

ఇది రాసి ఒకసారి చదువుకుని చించేద్దామనుకున్నాను. మావారు లాక్కుని కవరులో పెట్టి బంక అంటించేశారు.

జయ


బోరబండ
4 సెప్టెంబరు 2025

చెల్లెమ్మా,

మీ ఉత్తరం ఆఫీసులో చదివాను. పక్కన కూర్చునే పుల్లయ్య "ఏందన్నా, నవ్వుతున్నవ్?" అని అడిగాడు. నవ్వుతున్నానని నాకు తెలియదు.

కాంభోజి దొరికింది. నోటుపుస్తకంలో రెండు పేజీలు అంటుకుని ఉన్నాయి. ఆవిరి పట్టి విడదీశాను. అక్షరం తగ్గించాను. చుక్కలు పెట్టాను. ఫోటోను కొద్దిగా చిన్నది చేసి, ఇక్కడే ఉండాలని గట్టి ఆజ్ఞ రాశాను. కదలలేదు. ఆ ఆజ్ఞ నాకు మొదటే తెలుసు. మీరు వద్దంటే ఊరుకున్నాను.

"వనమాలి" మాత్రం నా తప్పు కాదు. ఎనిమిది దెబ్బల ఆవర్తం అక్కడే ముగుస్తుంది. మాట కోసం వరుస జరిపితే తాళం పోతుంది. మీ గురువుగారే అట్లా కట్టారు. మీ నోటుపుస్తకంలోనూ విరిగే ఉంది, చూసుకోండి. అది మార్చను.

ఇంకొకటి. మూడో ప్రూఫు తొందరలో ఎనిమిది గదుల లెక్క పుస్తకం మొత్తం మీద నడపలేదు, ఇప్పుడు నడిపితే తొమ్మిదో గీతం మూడో వరుస దగ్గర యంత్రం మొరాయించింది. ఏడే వచ్చాయి. మూడుసార్లు చూశాను. తప్పు నాదా, మీదా?

పని ఇప్పుడు సగం దాటింది.

నర్సయ్య


రాజమహేంద్రవరం
8 సెప్టెంబరు 2025

అన్నయ్యా,

"వనమాలి" విషయంలో నువ్వన్నదే నిజం. పాడి చూసుకున్నాను. గురువుగారు కూడా అక్కడ విరిచే పాడేవారు. అలాగే ఉంచండి. కాని మార్చను అని అంత కటువుగా రాయాలా?

తొమ్మిదోది ఏడు కాదు, ఎనిమిదే. ఐదో అక్షరం "రి" మీద నిలవాలి. అక్కడ కామా ఉండి తీరాలి. ఆ పేజీలో నూనె మరక ఉంటుంది చూడండి, సరిగ్గా ఆ వరుస మీదే. గురువుగారి ఇంట్లో పెసరట్టు తింటూ రాసుకున్న పాఠం అది. మరకలో కలిసిపోయింది. పెట్టేసి రవికిరణ్‌కు పంపండి. ఇక నన్ను అడగకండి, నాకు భయం వేసి మళ్ళీ బాగుంది అనేస్తాను.

జయ


బోరబండ
10 సెప్టెంబరు 2025

చెల్లెమ్మా,

నీకు మళ్ళీ భయం వేయకముందే పంపేశాను. "రి" పక్కన కామా పెట్టాను. యంత్రం ఒక్క ఫిర్యాదు లేకుండా చివరిదాకా నడిచింది. నా ఉద్యోగంలో ఇది అరుదు.

నర్సయ్య


రాజమహేంద్రవరం
17 నవంబరు 2025

అన్నయ్యకు,

క్షేమంగా ఇల్లు చేరాం. మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజుల్లో ఈ సంగతి నీతో చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. నువ్వు టీవీ కట్టేసి ఎదురుగా వచ్చి కూర్చున్నావు. ఎవరైనా అంత శ్రద్ధగా వినడానికి కూర్చుంటే నాకు మాట రాదు. అందుకని రాస్తున్నాను.

శనివారం సాయంత్రం అమ్మాయి నన్ను కొత్తగూడ పాఠశాల దగ్గర దింపి, కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ వెళ్ళింది. ఆ ట్రాఫిక్కులో అది తిరిగి వచ్చేసరికి తరగతే అయిపోయింది. నేను వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. చెబితే శాలువా అంటారు, నాలుగు మాటలు మాట్లాడమంటారు. మేడ ఎక్కి వెనకగా ఒక చాప మీద కూర్చున్నాను. ఇరవై మంది దాకా ఉన్నారు. అందరూ ఆఫీసులనుంచి వచ్చినవాళ్ళే. కొందరు మెళ్ళో కార్డులు కూడా తీయలేదు. వాళ్ళ ఒళ్ళో మన పుస్తకం.

టీచరు ఒక్కొక్కరిచేతా పాడిస్తోంది. నా పక్క చాప మీది అమ్మాయి వంతు వచ్చింది. రసజ్ఞ అని పిలిచారు. తొమ్మిదో గీతం. ఆ అమ్మాయిని నేను ఎన్నడూ చూడలేదు. ఆ టీచరుకూ నేను నేర్పలేదు. గొంతు కొంచెం బెరుగ్గా ఉంది, శ్రుతి ఒకచోట అటూ ఇటూ అయింది. మూడో వరుసకు వచ్చింది. "రి" మీద నిలిచింది అన్నయ్యా. గురువుగారు ఎంతసేపు నిలిచేవారో అంతసేపే నిలిచి దిగింది. ఎవరు చెప్పారు ఆ పిల్లకు? ఎవరూ చెప్పలేదు. కాగితం మీద ఉంది, పాడింది.

నా చెయ్యి మోకాలి మీద తాళం వేస్తోందని నేను చూసుకోలేదు. ఆ అమ్మాయి చూసింది. పాడడం అయ్యాక నా వైపు వంగి మెల్లగా అడిగింది.

"ఆంటీ, మీకూ ఈ పాట వచ్చా?"

"కొద్దిగా వచ్చమ్మా."

"అయితే ఇటు జరగండి, పుస్తకం ఇద్దరం చూసుకుందాం. మూడో లైన్ దగ్గర జాగ్రత్త ఆంటీ, అక్కడ ఆగాలి. అందరం ఫస్ట్ అక్కడే తప్పాం."

జరిగి కూర్చున్నాను. అద్దాలు పెట్టుకున్నాను. ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆగాను.

నీ చెల్లెలు
జయ